రొమ్ము పునర్నిర్మాణం: తీసివేయక ముందే అడగవలసిన ప్రశ్నలు

రొమ్ము క్యాన్సర్‌కు మాస్టెక్టమీ, అంటే రొమ్మును పూర్తిగా తొలగించే ఆపరేషన్, చేయించుకోబోతున్నవారూ చేయించుకున్నవారూ వారి ఇంటివారూ రాసిన ఉత్తరాలకు ఈసారి శీర్షిక మొత్తాన్ని కేటాయిస్తున్నాను. వ్యక్తిగత వివరాలు తీసివేసి, ప్రశ్న అర్థమయ్యేంత వరకే ఉత్తరాలను ఇక్కడ ఇచ్చాను. మిమ్మల్ని స్వయంగా పరీక్షించిన డాక్టరు మాటకు ఈ జవాబులు బదులు కావు. ఆ డాక్టరును ఏమేమి అడగాలో తెలుసుకోవడానికి మాత్రం పనికివస్తాయని నా ఆశ.

ప్రశ్న: నా వయసు 44. కుడి రొమ్ములో క్యాన్సర్ అని తేలింది. కణితులు ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉన్నాయి కనుక రొమ్ము మొత్తం తీసివేయాలన్నారు. ఇంకో మూడు వారాల్లో ఆపరేషన్. మళ్లీ రొమ్మును తయారు చేసే వీలుందా అని అడిగితే, ‘ముందు ప్రాణం సంగతి చూద్దాం, అదంతా తరువాత’ అన్నారు. నిజంగా అది తరువాత ఆలోచించే విషయమేనా డాక్టర్ గారూ?

జవాబు: కాదమ్మా. పునర్నిర్మాణం తరువాత చేయించుకోవచ్చు గానీ, దాని గురించిన ఆలోచన మాత్రం ఈ మూడు వారాల్లోనే జరగాలి. మీ సర్జన్ అన్న మాటలో మీ మీద శ్రద్ధే ఉంది, సందేహం లేదు. అయినా ఆ మాటను అక్కడితో వదిలేయవద్దు. రొమ్ము తీసేటప్పుడు కోత ఎక్కడ పెడతారు, చర్మం ఎంత ఉంచుతారు, చనుమొనను ఉంచుతారా తీసేస్తారా అన్నవాటిని బట్టే, రేపు ప్లాస్టిక్ సర్జన్ చేతిలో ఏమి మిగులుతుందన్నది తేలిపోతుంది.

వెంటనే, అంటే అదే మత్తులో, పునర్నిర్మాణం చేసే ఉద్దేశం ఉంటే, లోపలి రొమ్ము కణజాలాన్నంతా తీసివేసి పైచర్మాన్ని ఒక ఖాళీ సంచిలా నిలుపుతారు. రొమ్ము కింది మడత ఎక్కడిదక్కడే ఉంటుంది, చర్మం రంగూ తీరూ మీవే, ఇక లోపల నింపవలసింది పరిమాణం ఒక్కటే. ఆ ఉద్దేశం లేనప్పుడు, ఛాతీ చదునుగా కుట్టడం కోసం మిగులు చర్మాన్ని కూడా తీసివేస్తారు. అలా తీసిన చర్మం తిరిగి రాదు. తరువాత ఎప్పుడో పునర్నిర్మాణం కావాలంటే ఉన్న చర్మాన్ని నెమ్మదిగా సాగదీయాలి, లేదా శరీరంలో మరోచోటి నుంచి తెచ్చుకోవాలి. ఇక చనుమొన సంగతి. కణితి దానికి దూరంగా ఉండి, దాని అడుగు నుంచి తీసిన చిన్న ముక్కలో క్యాన్సర్ కణాలు లేవని పాథాలజీ పరీక్షలో తేలితే దాన్ని కూడా ఉంచవచ్చు. కణితులు ఒకటికి మించి ఉన్నాయన్నారు కాబట్టి మీ విషయంలో అది కుదరకపోవచ్చు. అయితే ఆ మాట మీ సర్జన్ నోటి నుంచి వినండి, అడగకుండానే కుదరదని అనుకోవద్దు.

అంతకంటే ముఖ్యమైనది, ఉత్తరాలు రాసినవారిలో చాలామందికి ఎవరూ చెప్పనిది, రేడియేషన్ సంగతి. చంకలోని లింఫ్ గ్రంథులకు క్యాన్సర్ పాకినా, కణితి 5 సెంటీమీటర్లకు మించినా, రొమ్ము తీసేసిన తరువాత కూడా ఛాతీకి రేడియేషన్ ఇవ్వవలసి రావచ్చు. రేడియేషన్ తగిలిన చర్మం బిగుసుకుంటుంది, దానిలో రక్తప్రసారం తగ్గుతుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది. అటువంటి చర్మం కింద ఇంప్లాంట్, అంటే సిలికోన్ జెల్ గానీ సెలైన్ గానీ నింపిన కృత్రిమ సంచి, పెడితే దాని చుట్టూ ఏర్పడే పొర గట్టిపడి రొమ్ము ఆకారం చెడే అవకాశం ఎక్కువ. సొంత కణజాలంతో కట్టిన రొమ్ము రేడియేషన్‌ను కొంత మెరుగ్గా తట్టుకుంటుంది, అయితే అదీ కుంచించుకుపోవచ్చు. అందుకే రేడియేషన్ తప్పదనిపించినప్పుడు చాలామంది సర్జన్లు చర్మం బిగుసుకుపోకుండా తాత్కాలికంగా ఒక ఎక్స్‌పాండర్‌ను, అంటే చర్మాన్ని సాగదీసే సంచిని, లోపల ఉంచి, రేడియేషన్ ముగిసి కొన్ని నెలలు గడిచాక అసలు పునర్నిర్మాణం చేస్తారు. కొందరు ఏమీ పెట్టకుండా ఆగి, ఆరు నెలలకో ఏడాదికో సొంత కణజాలం తెచ్చి కడతారు. కాబట్టి మీరు మొదట అడగవలసింది ‘నాకు రేడియేషన్ అవసరమయ్యే అవకాశం ఎంత?’ అన్న ప్రశ్నే. దానికి జవాబు తెలియకుండా పునర్నిర్మాణం గురించి చేసే మాటలన్నీ సగం మాటలే.

వెంటనే చేయించుకోవడంలో ఒక చిక్కు ఉంది. ఆపరేషన్ పెద్దదవుతుంది కనుక గాయం సరిగా మానకపోయినా చీము పట్టినా, ఆపరేషన్ తరువాత మొదలు కావలసిన కీమోథెరపీ వెనక్కి జరగవచ్చు. పొగతాగడం, అదుపులో లేని షుగర్, ఊబకాయం ఉన్నవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. పొగతాగే అలవాటుంటే కనీసం నాలుగు వారాల ముందు పూర్తిగా మానేయాలి. సిగరెట్టు సన్నటి రక్తనాళాలను బిగించేస్తుంది, పలచబడిన రొమ్ము చర్మం బతకడానికి ఆ సన్నటి నాళాలే ఆధారం.

ఈ మూడు వారాల్లో ఒక్కసారైనా ప్లాస్టిక్ సర్జన్‌ను కలవండి. మీ క్యాన్సర్ సర్జన్, ప్లాస్టిక్ సర్జన్, రేడియేషన్ డాక్టరు ముగ్గురూ మీ గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారా అని మొహమాటపడకుండా అడగండి. అన్నీ విన్నాక ఇప్పుడు ఏమీ వద్దనుకున్నా నష్టం లేదు. పునర్నిర్మాణం ఏళ్ల తరువాత కూడా చేయించుకోవచ్చు.

ప్రశ్న: నాకు ఇంప్లాంట్ పెడతామన్నారు. మొదట ఎక్స్‌పాండర్, తరువాత ఇంప్లాంట్ అన్నారు గానీ వివరంగా చెప్పలేదు. ఒకసారి పెడితే జీవితాంతం ఉంటుందా? ఇంప్లాంట్ వల్లనే ఒక రకం క్యాన్సర్ వస్తుందని చదివి భయపడుతున్నాను.

జవాబు: ఎక్స్‌పాండర్ అంటే చర్మాన్ని సాగదీయడానికి పెట్టే తాత్కాలికమైన సంచి. రొమ్ము తీసిన చోట దాన్ని దాదాపు ఖాళీగానే ఉంచి కుట్టేస్తారు. గాయం మానడం మొదలైన రెండు మూడు వారాల తరువాత మీరు ఆసుపత్రికి వెళ్తే, డాక్టరు ఒక చిన్న అయస్కాంతాన్ని మీ ఛాతీ మీద అటూ ఇటూ కదిలిస్తారు. చర్మం కింద దాగిన సంచి మూత ఎక్కడుందో ఆ అయస్కాంతం చూపిస్తుంది. అక్కడ గుర్తు పెట్టి, సన్నటి సూదితో 50 నుంచి 100 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కిస్తారు. సూది నొప్పి పెద్దగా తెలియదు, అక్కడి చర్మం అప్పటికే మొద్దుబారి ఉంటుంది. ఆ రోజూ మర్నాడూ మాత్రం ఛాతీకి పట్టీ బిగించి కట్టినట్టు ఉంటుంది. వారానికోసారో రెండు వారాలకోసారో ఇలా నింపుతూ పోయి, కావలసిన పరిమాణం వచ్చి, చర్మం కుదురుకున్నాక, ఇంకో చిన్న ఆపరేషన్‌తో సంచి తీసి అసలు ఇంప్లాంట్ పెడతారు. అంతా కలిపి కొన్ని నెలల పని. ఎక్స్‌పాండర్ లోపల ఉన్నంతకాలం, మరేదైనా కారణానికి ఎవరైనా ఎమ్మారై రాస్తే, ఆ సంగతి తప్పకుండా ముందే చెప్పండి. చాలా ఎక్స్‌పాండర్ల మూతలో అయస్కాంతం ఉంటుంది, అవి ఉన్నవారికి ఎమ్మారై తీయకూడదు.

చర్మం బాగా నిలిచి, దానికి రక్తప్రసారం బాగుంటే, ఈ మధ్య మెట్టు లేకుండా మొదటి ఆపరేషన్‌లోనే ఇంప్లాంట్ పెట్టడమూ ఉంది. ఇంప్లాంట్‌కు ఊతగా, జీవకణాలు తీసివేసి శుద్ధి చేసిన ఒక చర్మపు పొరను తరచు వాడతారు. ఇంప్లాంట్‌ను ఛాతీ కండరం కింద పెడతారా, పైన పెడతారా అన్నది కూడా అడగండి. కింద పెడితే మీద కప్పు మందంగా ఉంటుంది గానీ, చేయి బిగించినప్పుడల్లా రొమ్ము ఎగిరినట్టు కదులుతుంది. పైన పెడితే ఆ కదలిక ఉండదు, నొప్పి కూడా తక్కువే, కాకపోతే పలచటి చర్మం కింద ఇంప్లాంట్ అంచులూ ముడతలూ కనిపించవచ్చు.

సిలికోన్ ఇంప్లాంట్ మొదటిసారి మనిషికి పెట్టింది 1962లో, అమెరికాలోని హ్యూస్టన్‌లో. అప్పటి నుంచి అది ఎంతో మారింది, అయినా జీవితాంతం ఉండే వస్తువు మాత్రం కాలేదు. పదేళ్లకో పదిహేనేళ్లకో మార్చవలసి రావచ్చు, కొందరికి అంతకంటే ముందే రావచ్చు. కారణాలు సాధారణంగా రెండు: చుట్టూ పొర గట్టిపడి బిగుసుకోవడం, లేదా ఇంప్లాంట్ చిరగడం. సెలైన్ నింపినది చిరిగితే రొమ్ము చప్పబడిపోతుంది, మీకే తెలుస్తుంది. సిలికోన్ జెల్ ఉన్నది చిరిగినా బయటికి ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే, ఏ ఇబ్బందీ లేకపోయినా, పెట్టిన అయిదారేళ్లకు ఒకసారి, ఆ తరువాత రెండు మూడేళ్లకొకసారి అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ తీయించుకోవాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో సూచించింది. ఈ స్కాన్ల సంగతి ఆపరేషన్‌కు ముందే తెలిస్తే, ఇంప్లాంట్ కావాలా వద్దా అన్న ఆలోచనలో అది కూడా ఒక లెక్కకు వస్తుంది.

మీరు చదివిన క్యాన్సర్ నిజమే. అది రొమ్ము క్యాన్సర్ కాదు, ఇంప్లాంట్ చుట్టూ ఉన్న పొరలోనూ అక్కడి ద్రవంలోనూ పుట్టే అరుదైన లింఫోమా, అంటే ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్. ఇది ప్రధానంగా పైభాగం గరుకుగా ఉండే ఇంప్లాంట్లతో ముడిపడి ఉన్నట్టు తేలడంతో, 2019 జులైలో ఒక గరుకు రకాన్ని ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్నారు. పెట్టిన కొన్నేళ్లకు, తరచు ఏడెనిమిదేళ్ల తరువాత, ఒకవైపు రొమ్ము ఉన్నట్టుండి వాచి నీరు చేరడం దీని ముఖ్య లక్షణం. తొలి దశలో గుర్తిస్తే ఇంప్లాంట్‌నూ దాని చుట్టూ ఉన్న పొరనూ పూర్తిగా తీసివేయడంతోనే చాలామందికి నయమవుతుంది. మీకు పెట్టబోయేది నునుపు రకమా, గరుకు రకమా అని అడగండి. పెట్టాక ఇంప్లాంట్ పేరు, సంఖ్య ఉన్న కార్డు ఇస్తారు, దాన్ని జాగ్రత్తగా దాచుకోండి. ఇరవై ఏళ్ల తరువాత మరో డాక్టరు మొదట అడిగేది ఆ కార్డే.

ప్రశ్న: పొట్ట దగ్గరి కొవ్వు, చర్మం తీసి రొమ్ము చేయవచ్చట కదా. నాకు రెండు కాన్పులూ సిజేరియన్లే. నాకు ఇది కుదురుతుందా? ఆపరేషన్ ఎంత పెద్దది? దాచకుండా చెప్పండి.

జవాబు: కుదిరే అవకాశమే ఎక్కువ. సిజేరియన్‌లో అడ్డంగా పెట్టే కోత సాధారణంగా మనకు కావలసిన రక్తనాళాలను తెంచదు, పైగా ఆ మచ్చ కొత్త కోతలోనే కలిసిపోతుంది. పొట్ట తగ్గించే ప్లాస్టిక్ సర్జరీ ఇంతకుముందే చేయించుకున్నవారికి మాత్రం ఈ దారి మూసుకుపోయినట్టే, ఆ కణజాలం అప్పటికే పోయి ఉంటుంది కనుక. మీ పొట్ట గోడలో ఏ నాళం ఎక్కడి నుంచి పైకి వస్తోందో ముందుగా సీటీ యాంజియోగ్రామ్ తీసి చూస్తారు. కుదురుతుందా అన్న ప్రశ్నకు గట్టి జవాబు ఆ స్కానే ఇస్తుంది.

ఈ పద్ధతికి రెండు రూపాలున్నాయి, పేర్లు దగ్గరగా వినిపించినా తేడా పెద్దది. ఫ్లాప్ అంటే ఇలా ఒకచోటి నుంచి మరోచోటికి తెచ్చే కణజాలపు ముక్క. 1982 నుంచి ప్రచారంలోకి వచ్చిన ట్రామ్ ఫ్లాప్‌లో, బొడ్డు కింది చర్మాన్నీ కొవ్వునూ, వాటికి రక్తం అందించే పొట్ట కండరంతో సహా, చర్మం కింది నుంచి ఛాతీలోకి తిప్పి తెస్తారు. రొమ్ము బాగానే వస్తుంది గానీ, కండరం పోయిన పొట్ట గోడ బలహీనపడి, కొందరికి ఉబ్బుగా మారుతుంది, హెర్నియా రావచ్చు, పడుకున్నచోటి నుంచి లేవడానికి చేతుల ఊతం కావలసి వస్తుంది. ఆ కండరాన్ని ఎలా కాపాడాలన్న తపన నుంచి వచ్చిందే డీప్ ఫ్లాప్. 1989లో జపాన్ సర్జన్ కోషిమా ఆ పద్ధతిలోని కణజాలాన్ని వర్ణించగా, 1990ల తొలినాళ్లలో అమెరికాలో రాబర్ట్ ఆలెన్ దానితో రొమ్ము కట్టడం మొదలుపెట్టారు. ఇందులో కండరం తీయరు. దాని పోగులను మెల్లగా విడదీసి, వాటి మధ్యగా పైకి వచ్చే సన్నటి నాళాన్ని మూలం దాకా వెతుక్కుంటూ వెళ్లి, చర్మం, కొవ్వు, ఆ నాళం మాత్రమే తీసుకుంటారు. ఇప్పుడు ఆ ముక్క శరీరం నుంచి పూర్తిగా వేరైనట్టే. దాన్ని ఛాతీ మీదికి తెచ్చి, రొమ్మెముక పక్కన ఉండే ధమనికీ సిరకూ దాని ధమనినీ సిరనూ మైక్రోస్కోపు కింద కలుపుతారు. ఆ నాళాల వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు, కుట్టే దారం తల వెంట్రుక కంటే సన్నం. నాళాలకు పెట్టిన బిగింపు తీసిన క్షణాన తెల్లగా పాలిపోయి ఉన్న చర్మంలోకి గులాబీ రంగు పాకడం నేను ఎన్నిసార్లు చూసినా, అంతవరకు ఆ గదిలో ఎవరూ సరిగా ఊపిరి తీసుకోరు.

దాచకుండా చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను, ఇది పెద్ద ఆపరేషనే. ఒకవైపు రొమ్ముకు అయిదు నుంచి ఎనిమిది గంటలు పట్టవచ్చు, రెండు వైపులా అయితే ఇంకా ఎక్కువ. మొదటి రాత్రి మీకు నిద్ర ఉండదు. గంట గంటకూ నర్సు వచ్చి కొత్త రొమ్మును చేత్తో తాకి వెచ్చగా ఉందా అని చూస్తారు, వేలితో నొక్కి వదిలి, తెల్లబడిన చోట మళ్లీ రంగు ఎంతసేపటికి వస్తోందో గమనిస్తారు, చిన్న డాప్లర్ పరికరాన్ని చర్మం మీద గుర్తుపెట్టిన చుక్క దగ్గర ఆనించి నాళంలో రక్తం పారే సవ్వడి వింటారు. ఆ సవ్వడి ఆగినా, చర్మం నీలి రంగుకు తిరిగినా, నాళంలో రక్తం గడ్డకట్టిందని అనుమానించి వెంటనే థియేటర్‌కు తీసుకువెళ్తారు. సమయానికి పట్టుకుంటే చాలాసార్లు ఫ్లాప్ బతుకుతుంది. అన్నీ చేసినా ఫ్లాప్ మొత్తం చచ్చిపోయి తీసివేయవలసి రావడం అనుభవమున్న చోట్ల నూటికి ఒకరి నుంచి అయిదుగురి లోపే, కానీ ఆ ఒకరు మీరు కావచ్చన్న ఎరుకతోనే సంతకం చేయాలి. మీ సర్జన్ బృందం ఏడాదికి ఇవి ఎన్ని చేస్తుందని అడగడం అమర్యాద కాదు. ఈ ఆపరేషన్‌లో అన్నిటికంటే ముందు అడగవలసిన మాట అదేనని నా అభిప్రాయం.

ఆసుపత్రిలో మూడు నుంచి అయిదు రోజులు ఉంటారు. పొట్ట కుట్లు బిగుతుగా ఉండడం వల్ల మొదటి వారం పది రోజులు నడుము కొద్దిగా వంచే నడవాలి. ఆరు వారాల దాకా బరువులెత్తకూడదు. ఒక తుంటి నుంచి మరో తుంటి దాకా పొడవైన మచ్చ ఉంటుంది, బొడ్డును కొత్త చోట కుడతారు. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే హార్మోన్ మందు టామోక్సిఫెన్ వాడుతున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, రక్తం గడ్డకట్టే స్వభావాన్ని అది పెంచుతుంది కనుక కొందరు సర్జన్లు ఆపరేషన్‌కు రెండు వారాల ముందు ఆపిస్తారు. అయితే మీ క్యాన్సర్ డాక్టరును అడగకుండా మీరంతట మీరు ఆపవద్దు.

ఇంత కష్టానికి దక్కేదేమిటంటే, అది మీ శరీరమే. వెచ్చగా ఉంటుంది, మెత్తగా ఉంటుంది, వయసుతో పాటు రెండో రొమ్ములాగే కొంత జారుతుంది, మీరు బరువు పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఏళ్లకేళ్లు మార్చుకుంటూ పోవలసిన పని లేదు. పొట్ట కణజాలాన్ని మాత్రం ఒక్కసారే వాడుకోగలం. రెండో రొమ్ముకు కూడా ముప్పు ఉందని, ఉదాహరణకు బీఆర్‌సీఏ జన్యుమార్పు ఉందని, తెలిస్తే ఆ లెక్క ముందే చూసుకోవాలి. ఈరోజు ఒక రొమ్ముకు వాడేసిన పొట్ట రేపు రెండోదానికి ఉండదు.

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు. ఎనిమిదేళ్ల క్రితం ఎడమ రొమ్ము తీసివేసి రేడియేషన్ ఇచ్చారు. ఇన్నాళ్లకు ‘నాకు మళ్లీ రొమ్ము చేస్తారేమో కనుక్కో’ అని నన్ను అడిగింది. ‘ఈ వయసులో ఎందుకు’ అని ఇంట్లో అందరూ అంటున్నారు. అమ్మ చాలా సన్నం, పొట్ట మీద కొవ్వే లేదు.

జవాబు: అమ్మ ఎనిమిదేళ్లు మనసులో పెట్టుకున్న మాట మీతో చెప్పారు, ముందు దాన్ని అందుకోండి. వయసు ఒక్కటే అడ్డు కాదు. గుండె, ఊపిరితిత్తులు, షుగర్, బీపీ ఎలా ఉన్నాయి, మత్తు తట్టుకోగలరా అన్నవే చూస్తారు. అరవై దాటి, డెబ్బై దాటి చేయించుకున్నవారూ ఉన్నారు.

రేడియేషన్ తగిలిన ఛాతీ కనుక ఇంప్లాంట్ ఒక్కటే పెట్టడం సాధారణంగా మంచిది కాదు. రక్తప్రసారం బాగున్న కణజాలం ఎక్కడి నుంచైనా తేవాలి. పొట్ట లేదన్నారు కాబట్టి మిగిలిన వాటిలో మొదటిది వీపు. వీపున ఉండే లాటిసిమస్ అనే వెడల్పాటి కండరాన్ని, దాని మీది చర్మంతో సహా, చంక కిందుగా ముందుకు తిప్పి తెస్తారు. దాని నాళాలను తెంచి మళ్లీ కలపవలసిన పని లేదు, కాబట్టి ఆపరేషన్ చిన్నది, ఫ్లాప్ చచ్చిపోయే భయం తక్కువ. ఇటలీ సర్జన్ టాన్సీనీ ఈ కండరంతో ఛాతీని కప్పి నూరేళ్లు దాటింది. సన్నగా ఉన్నవారి వీపులో పరిమాణం తక్కువ కనుక దాని కింద చిన్న ఇంప్లాంట్ కలపవలసి రావచ్చు, లేదా మరోచోటి నుంచి సూదితో తీసిన కొవ్వును రెండు మూడు విడతలుగా ఎక్కించవచ్చు. ఎక్కించిన కొవ్వు అంతా నిలవదు, కొంత కరిగిపోతుంది, అందుకే విడతలు. వీపు గాయంలో కొన్ని వారాలు నీరు చేరడం మామూలే. నిచ్చెన ఎక్కడం, ఈత వంటి భుజంతో లాగే పనుల్లో కొంత బలం తగ్గుతుంది. చేతికర్ర ఊతంతో నడిచేవారైతే, చక్రాల కుర్చీ వాడేవారైతే ఇది మరింత ఆలోచించవలసిన సంగతి.

తొడ లోపలి వైపు నుంచీ పిరుదుల నుంచీ కూడా కణజాలం తెచ్చి డీప్ ఫ్లాప్ లాగే మైక్రోస్కోపు కింద కలిపే పద్ధతులున్నాయి. సన్నగా ఉన్నవారికి కూడా తొడలో తరచు కొంత దొరుకుతుంది. అవి చేసే సర్జన్లు తక్కువ, వెతుక్కోవాలి. అమ్మను ఒకసారి తీసుకువెళ్లి చూపించండి, సంప్రదింపుకు వెళ్లినంత మాత్రాన ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదు. అక్కడ మాట్లాడవలసింది అమ్మే. మీరు పక్కన కూర్చుని రాసుకోండి.

ప్రశ్న: నా భార్యకు రొమ్ము తీయబోతున్నారు. కొత్త రొమ్ము కడితే, దాని వెనుక క్యాన్సర్ మళ్లీ వచ్చినా కనిపించకుండా దాగిపోతుందని మా బంధువుల్లో ఒకరు అన్నారు. ఇది నిజమేనా?

జవాబు: ఈ భయం మీ బంధువుదే కాదు, ఒకప్పుడు సర్జన్లదీ. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సకు దారి వేసిన హాల్‌స్టెడ్ వంటివారే పునర్నిర్మాణాన్ని వ్యతిరేకించారు. ఆ మాట పట్టుకుని దశాబ్దాల పాటు ఆడవారిని వద్దన్నారు. తరువాత ఏళ్ల తరబడి గమనించగా, పునర్నిర్మాణం క్యాన్సర్ తిరిగి వచ్చే అవకాశాన్ని పెంచదనీ, దాన్ని గుర్తించడాన్ని చెప్పుకోదగినంతగా ఆలస్యం చేయదనీ తేలింది. తిరిగి వస్తే సాధారణంగా చర్మంలోనో చర్మం కిందనో, చేతికి తగిలే చోటే వస్తుంది. ఇంప్లాంట్ అయినా ఫ్లాప్ అయినా ఆ చోటుకు వెనుక ఉంటుంది, ముందు కాదు.

ఫ్లాప్ విషయంలో ఒకటి మాత్రం తెలిసి ఉండండి. కొవ్వులో కొంత భాగానికి రక్తం అందక అది గట్టి ఉండలా మారవచ్చు. చేతికి తగిలితే గుండె ఝల్లుమంటుంది. అది చాలావరకు ప్రమాదం లేనిదే, అయినా ‘అదేలే’ అని మీరే తేల్చేయకుండా డాక్టరుకు చూపించి, స్కాన్, అవసరమైతే సూది పరీక్ష చేయించండి. రెండో రొమ్ముకు మామోగ్రామ్ మామూలుగానే కొనసాగాలి.

ప్రశ్న: నాకు పొట్ట కణజాలంతో రొమ్ము కట్టి ఐదు నెలలైంది. చనుమొన లేదు. అసలు స్పర్శే తెలియడం లేదు. ఇది ఇలాగే ఉండిపోతుందా?

జవాబు: చనుమొనకు ఇది సరైన సమయమే. రొమ్ము కుదురుకుని తన చోట నిలబడ్డాక, అంటే మూడు నుంచి ఆరు నెలలకు, దాన్ని చేస్తారు. కొత్త రొమ్ము చర్మాన్నే చిన్న రెక్కలుగా కోసి, మడిచి, నిలబెట్టి కుడతారు. స్థానిక మత్తు చాలు, ఎక్కువమంది ఆ రోజే ఇంటికి వెళ్తారు. కాలంతో అది సగానికి సగం అణిగిపోతుంది కనుక మొదట్లో కావాలనే పెద్దదిగా చేస్తారు, అది చూసి కంగారు పడవద్దు. చుట్టూ ఉండే ముదురు రంగును పచ్చబొట్టుతో దిద్దుతారు. ఆపరేషన్ అసలు వద్దనుకునేవారికి, వెలుగునీడలతో ఉబ్బెత్తుగా ఉన్నట్టే కనిపించే పచ్చబొట్టు ఒక్కటీ సరిపోతుంది.

స్పర్శ సంగతిలో మీకు ఎవరూ ముందుగా చెప్పి ఉండరని మీ ఉత్తరం చూస్తే అనిపిస్తోంది. రొమ్ము తీసినప్పుడే దాని నరాలు తెగిపోతాయి. పునర్నిర్మాణం రూపాన్ని ఇస్తుంది, పూర్వపు స్పర్శను ఇవ్వలేదు. ఏడాది, రెండేళ్లలో అంచుల నుంచి కొంత తాకిడి, ఒత్తిడి తెలియడం మొదలు కావచ్చు, సొంత కణజాలంలో ఇది ఇంప్లాంట్ కంటే కాస్త మెరుగు. కొన్నిచోట్ల ఫ్లాప్ నరాన్ని ఛాతీ నరానికి కలిపి కుడుతున్నారు, దానితో స్పర్శ మెరుగుపడుతుంది గానీ ముందున్నట్టు కాదు. ఇప్పుడు మీరు తప్పనిసరిగా పాటించవలసింది ఒకటుంది. వేడి నీళ్ల సంచి, కాపడం పెట్టే ప్యాడ్ కొత్త రొమ్ము మీదా పొట్ట మచ్చ చుట్టూ పెట్టుకోవద్దు. వేడి తెలియక చర్మం కాలి బొబ్బలెక్కాక వచ్చినవారిని నేను చూశాను.

ప్రశ్న: నాకు పునర్నిర్మాణం వద్దు. ఇంకో ఆపరేషన్ నావల్ల కాదు. అలా అంటే అందరూ నేను దిగులుతో అంటున్నాననుకుంటున్నారు. వద్దనడం తప్పా?

జవాబు: తప్పు కాదు. అది కూడా చికిత్సలో ఒక ఎంపికే, సర్దుబాటు కాదు. ఛాతీని చదునుగా, నున్నగా తీర్చి కుట్టడానికి ప్రత్యేకమైన పద్ధతి ఉంది, దాన్ని ‘ఈస్థటిక్ ఫ్లాట్ క్లోజర్’ అంటారు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2020లో దానికి తన వైద్య నిఘంటువులో నిర్వచనం కూడా చేర్చింది. ఈ పేరు, ఈ గుర్తింపు ఎందుకు కావలసి వచ్చాయంటే, ‘తరువాత మనసు మారుతుందేమో’ అని కొందరు సర్జన్లు అడగకుండానే చర్మం మిగిల్చేవారు. అది ముడతలుగా వేలాడి, బట్టల కింద ఒరుసుకుని, చివరికి దాన్ని తీయించుకోవడానికి ఇంకో ఆపరేషన్ అవసరమయ్యేది. ఆ రెండో ఆపరేషనే మీరు వద్దనుకుంటున్నది. కాబట్టి ‘చదునుగా కావాలి, అదనపు చర్మం ఉంచవద్దు’ అని నోటితో చెప్పడమే కాకుండా సమ్మతి పత్రంలో రాయించండి. కోత చివర చంక వైపు చర్మం ముద్దలా మిగిలే చోటును కూడా తీర్చి కుడతారా అని అడగండి. ఆపరేషన్‌కు ముందు మీరు నిలబడి ఉండగానే గుర్తులు గీయమనండి, పడుకున్నప్పుడు ఆ ముద్ద వెనక్కి జారి కనిపించదు.

బట్టల లోపల పెట్టుకునే కృత్రిమ రొమ్ము కావాలంటే, గాయం పచ్చిగా ఉన్న మొదటి ఆరు వారాలు తేలికైన గుడ్డ రకం వాడండి, తరువాత సిలికోన్ రకానికి మారవచ్చు. ఒకవైపే తీసినవారిలో, రెండో రొమ్ము పెద్దదైతే, భుజం ఒకవైపు లాగినట్టై మెడ, వీపు నొప్పి రావడం ఉంటుంది. అటువంటప్పుడు సరైన బరువున్న సిలికోన్ రకం ఆ లాగుడును తగ్గించవచ్చు. అది కూడా మీకు సౌకర్యం అనిపించినన్ని గంటలే పెట్టుకోండి, ఇంట్లో తీసి పక్కన పెడితే ఏమీ కాదు.